తోలుబొమ్మ బడికి రావాలి



మన బడుల్లో నాటకమంటే వార్షికోత్సవం నాటి సాయంత్రం సంగతి. పిల్లలకు కిరీటాలు పెట్టి, మీసాలు దిద్ది, పెద్దలు చప్పట్లు కొట్టి పోవడంతో సరి. మరునాడు పొద్దున మళ్లీ అదే నల్లబల్ల, అదే బట్టీయం. కళ ఒక దిక్కు, చదువు మరో దిక్కు. ఈ రెంటినీ కలపాలని నా వాదన.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటను చూడండి. (2022లో జిల్లాలు విడగొట్టాక అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ, మనవాళ్లే!) మేకతోలును పలుచగా గీకి, రంగులద్ది, దీపపు వెలుగులో ఆడించే బొమ్మలు అక్కడివి. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. సన్మానాలు చేశాం, సంతోషం. కానీ ఆ తెరవెనుక ఎంత భౌతికశాస్త్రం ఉందో పిల్లలకు చూపించిన అయ్యవార్లు ఎందరు? బొమ్మను దీపం వైపు జరిపితే నీడ పెరుగుతుంది. దీపానికీ తెరకూ సరిగ్గా నడుమ పెడితే బొమ్మకు రెండింతలవుతుంది. సరూప త్రిభుజాలంటే ఇవే గదా! తెరకు ఆనిస్తే అంచులు స్పష్టం. పలుచని తోలు వెలుగును కొంత పోనిస్తుంది గనకనే రంగులు కనిపిస్తాయి. అట్టముక్క పెడితే నల్లటి నీడే. ఒక పాతపంచె, ఒక దీపం ఉంటే చాలు.

ఇక వాన సంగతి. మన ప్రాంతంలో ఏడాది వాన సుమారు 550 మిల్లీమీటర్లని పిల్లలు వల్లిస్తారు. మిల్లీమీటరు వానంటే ఎంతరా అని అడిగితే తల గోక్కుంటారు. నేలమీద మీటరు చదరం గీసి ఒక లీటరు నీళ్లు పోయించండి, అదే మిల్లీమీటరు వాన. 10 మిల్లీమీటర్లు పడితే ఎకరాకు దాదాపు 40,000 లీటర్లని వాళ్లే లెక్క కడతారు. ఆపైన నాటకం కట్టించండి. ఒకడు మబ్బు, ఒకతె చెరువు, ఒకడు బోరు, ఇంకొకతె సెనక్కాయ చెట్టు. ఇంకిందెంత, బోరు తోడిందెంత, చెట్టుకు మిగిలిందెంత? తగవు పడనీయండి.

ఇది సరదా కోసం చెప్పడం లేదు. వానలు తప్పిన ఏడు అమ్మానాయనలతో బెంగుళూరు పనులకు పోయి, నెలలు గడిచాక తిరిగొచ్చే పిల్లలున్నారు. బట్టీయం చదువులో అట్లాంటి పిల్ల చివరి వరుసే. కానీ ఎండిన బోరు గురించి అయ్యవారికంటే ఆ పిల్లకే ఎక్కువ తెలుసు. ఈ నాటకంలో సూత్రధారి ఆమే. అటువంటి పిల్ల రేపు కూడా బడికి రావాలంటే ఈ మాత్రం గౌరవం దక్కాలి.

పోర్షను పూర్తి కాదంటారు. నిజమే, ప్రతి పాఠాన్నీ ఆడించనక్కరలేదు. ఎక్కాలకు వల్లె వేయడమే మందు. చరిత్రను నాటకం చేస్తే అందరూ రాజులమే అవుతామంటారు, అదొక తంటా! కానీ 1990 ప్రాంతంలో నెల్లూరు అక్షరాస్యతా ఉద్యమంలో కళాజాతాలు ఊరూరా ఆడాయి. ఆ రాత్రిబడులకు వెళ్లిన ఆడవాళ్లే తర్వాత సారా వ్యతిరేక ఉద్యమానికి ముందు నిలిచారు. 2020 జాతీయ విద్యావిధానం సైతం కళతో కలిపి బోధించమంది. కాగితం మీద ఉంది, చేతికి బొమ్మ రావాలి.

మన సంఘం ఈ ఏడు ఒక పని చేయవచ్చు. వార్షికోత్సవం పందిరికి, మైకుసెట్టుకు పెట్టే డబ్బులో కొంత తీసి, నిమ్మలకుంట కళాకారుణ్ణి ఒకరిని మూడు పల్లె బడులకు పిలిపిద్దాం. కూలి ఇవ్వాలి సుమా, శాలువా కాదు.