వినికిడి యంత్రం సూట్‌కేసులో పెట్టి పంపే కానుక కాదు

ఇండియా వెళ్లే మన సూట్‌కేసుల్లో బాదం పప్పు, విటమిన్ మాత్రలు, బీపీ మిషన్ పక్కన కొన్నేళ్లుగా మరో చిన్న డబ్బా కనిపిస్తోంది. అమ్మకో నాన్నకో కొన్న హియరింగ్ ఎయిడ్ అది. స్వల్ప, మధ్యస్థ స్థాయి వినికిడి లోపం ఉన్న 18 ఏళ్లు దాటినవారికి ప్రిస్క్రిప్షన్ లేకుండానే ఈ యంత్రాలు అమ్మవచ్చన్న ఎఫ్‌డీఏ నిబంధన 2022 అక్టోబర్ 17న అమెరికాలో అమల్లోకి వచ్చింది. 2024 సెప్టెంబర్‌లో యాపిల్ ఎయిర్‌పాడ్స్ ప్రో 2ను వినికిడి యంత్రంగా మార్చే సాఫ్ట్‌వేర్‌కూ అనుమతి దొరికింది. మంచి మార్పే. వేల డాలర్లు పెట్టలేక ఊరుకున్నవారికి ఒక దారి కనిపించింది.

అయితే కొన్నంత తేలికగా ఆ యంత్రం వాడకంలోకి రావడం లేదు. ఊరు వెళ్లినప్పుడల్లా తెలిసిన ఇళ్లలో అడిగి చూస్తుంటాను. ‘‘ఉంది బాబూ, బీరువాలో ఉంది. పెట్టుకుంటే ఒకటే రొద’’ అన్న జవాబే ఎక్కువగా వినిపిస్తుంది. తప్పు పెద్దవాళ్లది కాదు. చాలాసార్లు యంత్రానిది కూడా కాదు. మనం దాన్ని ఒక వస్తువుగా కొంటున్నాం. నిజానికి అది కొన్ని నెలలు సాగే వైద్యం. ఏది ఖరీదైనది, ఎక్కడ చౌక అన్నది తర్వాత సంగతి. పెట్టుకున్నాక దాన్ని ఎవరు, ఏ ఊళ్లో సరిచేస్తారో ముందు తేల్చుకుని అప్పుడు కొనాలన్నదే నా వాదన.

కళ్లజోడుతో పోల్చుకోవడం వల్లే ఈ చిక్కు. జోడు పెట్టుకోగానే అక్షరం కనిపిస్తుంది. చెవి అలా కాదు. వయసుతో వచ్చే లోపంలో సాధారణంగా ముందు తగ్గేది సన్నని, కీచు శబ్దాలు వినే శక్తి. అచ్చులు వినిపిస్తూనే ఉంటాయి. స, శ, చ లాంటి హల్లులు జారిపోతాయి. ‘‘మాట వినపడుతోంది కానీ అర్థం కావడం లేదు’’ అని పెద్దవాళ్లు అనేది అందుకే. ఏళ్లుగా ఆ శబ్దాలు లేకుండా అలవాటుపడిన మెదడు మీద, యంత్రం పెట్టిన రోజున కుళాయి నీళ్లు, పేపరు చప్పుడు, కుక్కర్ కూత అన్నీ ఒక్కసారిగా పడతాయి. ముందు నిశ్శబ్దంగా ఉన్న గదిలో రోజుకు కొన్ని గంటలతో మొదలుపెట్టి, నెమ్మదిగా పెంచుకుంటూ పోవాలి. రెండు మూడు వారాలకు ఆడియాలజిస్ట్ దగ్గరికి వెళ్లి ఏది ఎక్కువైందో, ఏది చాలలేదో చెప్పి సెట్టింగులు మార్పించుకోవాలి. ఈ రాకపోకలు రెండు మూడుసార్లయినా ఉంటాయి. డాలస్‌లో కొని తెనాలిలో పెట్టుకుంటే ఈ పని ఎవరు చేస్తారు?

అందుకని అమ్మానాన్నలు ఏడాదిలో ఎక్కువ కాలం ఎక్కడుంటే అక్కడే కొనడం మేలు. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలో పేరున్న అంతర్జాతీయ కంపెనీల యంత్రాలే దొరుకుతున్నాయి. వాటి మీద అక్కడ జీఎస్‌టీ కూడా లేదు. పరీక్ష చేసేవారికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో కేంద్ర ప్రభుత్వానికి చెందిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఇక్కడి నుంచి యంత్రం మోసుకెళ్లే బదులు డబ్బు పంపి, దగ్గరుండి తీసుకెళ్లే మనిషిని చూసిపెట్టడం ఎక్కువ ఉపకారం. ఇక్కడ కొనక తప్పదంటే రెండు విషయాలు కాగితం మీద రాయించుకోండి: వారంటీ ఇండియాలో చెల్లుతుందా? సాఫ్ట్‌వేర్ లాక్ చేసి ఉందా? కొన్ని దుకాణాల గొలుసులు అమ్మే యంత్రాలను బయటి ఆడియాలజిస్టులు తెరవలేరు.

ఆరు నెలల విజిట్ మీద వచ్చేవారి లెక్క వేరు. వచ్చిన మొదటి నెలలోనే పరీక్ష చేయిస్తే సర్దుబాట్లకు సమయం మిగులుతుంది. తిరుగు ప్రయాణం ముందు వారం కొంటే బీరువాకు కొన్నట్లే. విజిటర్ ఇన్సూరెన్సు సాధారణంగా ఈ ఖర్చు భరించదు. ఇక్కడే స్థిరపడ్డ పెద్దవాళ్లకైనా ఒరిజినల్ మెడికేర్ వినికిడి యంత్రానికి డబ్బు ఇవ్వదు. కొన్ని మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్లు కొంత ఇస్తాయి. కాస్ట్‌కో లాంటి చోట పరీక్ష, అమరిక, తర్వాతి సర్దుబాట్లు కలిపి తక్కువలో అవుతాయి. బ్రిటన్‌లో ఉన్నవారికి ఎన్‌హెచ్‌ఎస్ యంత్రాన్ని, బ్యాటరీలను ఉచితంగానే ఇస్తుంది. ముందు అక్కడ ప్రయత్నించకుండా ప్రైవేటుకు పరుగెత్తనక్కర్లేదు.

ప్రిస్క్రిప్షన్ లేని యంత్రం అందరికీ కాదు. వినికిడి ఉన్నట్టుండి తగ్గినా, ఒక చెవిలోనే తగ్గినా, చీము, రక్తం, నొప్పి, తల తిరగడం ఉన్నా ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించాలి. ఉన్నట్టుండి తగ్గితే ఆ రోజో మర్నాడో వెళ్లాలి. ఆలస్యమైతే కోలుకునే అవకాశం తగ్గిపోతుంది. ఒక్కోసారి గులిమి తీయిస్తేనే సమస్య తీరుతుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఎదురుగా మాట్లాడినా అర్థం కాకపోతే లోపం ఎక్కువన్నమాట. షాపులో దొరికే యంత్రం చాలదు. ఆన్‌లైన్‌లో ‘ఎఫ్‌డీఏ రిజిస్టర్డ్’ అని సర్టిఫికెట్ బొమ్మ పెట్టి అమ్మేవి చూసి మోసపోకండి. ఎఫ్‌డీఏ అలాంటి సర్టిఫికెట్లు ఇవ్వదు.

భాష సంగతి మనమే పట్టించుకోవాలి. మా అత్తగారిని ఇక్కడ ఒక క్లినిక్‌కు తీసుకెళ్తే, శబ్దం వినపడగానే బటన్ నొక్కే పరీక్ష చక్కగా చేశారు. ఆ తర్వాత ఇంగ్లిష్ మాటలు వినిపించి తిరిగి చెప్పమన్నారు. ఇంగ్లిష్ రాని ఆవిడకు మార్కులు తక్కువ రాక ఏమవుతాయి? ‘మాట గ్రహించే శక్తి బాగా తగ్గింది’ అని రాయబోతుంటే, ఇది ఆవిడ భాష కాదని రిపోర్టులో రాయమని అడిగాం, రాశారు. బటన్ పరీక్షకు భాషతో పనిలేదు. సెట్టింగులకు ప్రధాన ఆధారం అదే. ప్రశ్నలు, సూచనలు తెలుగులో చెప్పేందుకు ఇంటర్‌ప్రెటర్‌ను అడగండి. ఫెడరల్ నిధులు పొందే ఆసుపత్రులు, క్లినిక్కులు ఆ సాయం ఉచితంగా ఇవ్వాలి. చెవిలో సన్నని గొట్టం పెట్టి, యంత్రం నుంచి ఎంత శబ్దం అందుతోందో కొలిచే ‘రియల్ ఇయర్’ పరీక్ష చేస్తారా అనీ అడగండి. చివరి పరీక్ష మాత్రం మనదే. పెదవులు కనపడకుండా ‘సారు, చారు, కారు’ అని చదివి, తేడా తెలుస్తోందో లేదో అక్కడే చూడండి.

ఎంచుకునేటప్పుడు పెట్టుకునే మనిషి వేళ్లను చూడాలి. చేతులు వణికేవారికి, చూపు ఆననివారికి చిన్న బ్యాటరీ మార్చడం కష్టం. చార్జింగ్ యంత్రం నయం. చార్జర్ మీద 100-240 వోల్టులని ఉందో లేదో చూసుకోండి. బ్యాటరీ రకమైతే స్టిక్కర్ రంగు గుర్తుంచుకుంటే చాలు: 10 నంబరుకు పసుపు, 312కు గోధుమ, 13కు నారింజ, 675కు నీలం. స్టిక్కర్ తీశాక ఒకటి రెండు నిమిషాలు గాలి తగలనిచ్చి వేయాలి. మనవలున్న ఇంట్లో ఈ బ్యాటరీలను అందనంత ఎత్తులో దాచండి. పిల్లలు మింగితే ప్రాణం మీదికి వస్తుంది, వెంటనే ఎమర్జెన్సీకి పరుగెత్తాలి.

రోజువారీ శ్రద్ధ అయిదు నిమిషాల పని. రాత్రి తీసిన వెంటనే పొడి గుడ్డతో తుడిచి, చెవిలో ఉండే కొసను కిందికి వంచి మెత్తని బ్రష్‌తో గులిమి దులపాలి. శబ్దం తగ్గిందనిపిస్తే ముందు గులిమి ఫిల్టర్ మార్చి చూడాలి. పాడైందనుకున్న యంత్రం చాలాసార్లు అంతటితోనే పలుకుతుంది. బ్యాటరీ తలుపు తెరిచి, తేమ పీల్చే డబ్బాలో పెట్టాలి. విశాఖ, కాకినాడ ఉక్కపోతలో ఈ డబ్బా తప్పనిసరి. తలస్నానానికి, తలకు నూనె రాసుకోవడానికి ముందు యంత్రం తీసేయాలి. కొబ్బరినూనె మైకు రంధ్రాల్లోకి దిగితే మాట మసకబారుతుంది. చెవిలో నూనె చుక్కలు వేసుకునే అలవాటు మానేయాలి. మాటీలు పెట్టుకునే అమ్మలకు అవి చెవి వెనక తీగకు చిక్కుకుంటాయి, తీసేటప్పుడు జాగ్రత్త.

ఇంత శ్రమ ఎందుకంటారా? 2023లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ‘అచీవ్’ అధ్యయనంలో 70 నుంచి 84 ఏళ్ల మధ్యవారిని మూడేళ్లు గమనించారు. అందరినీ కలిపి చూస్తే యంత్రం వల్ల జ్ఞాపకశక్తిలో, ఆలోచనాశక్తిలో పెద్ద తేడా కనిపించలేదు. కానీ ముప్పు ఎక్కువున్నవారిలో ఆ క్షీణత 48 శాతం తగ్గింది. అది అలా ఉంచినా, వీడియో కాల్‌లో ‘‘ఆఁ, ఆఁ, బాగున్నాం’’ అని పెట్టేసే నాన్నగారు మనవరాలి ప్రశ్న విని జవాబు చెప్పడమే చాలు కదా!

యంత్రం పెట్టాక మన తీరూ మారాలి. వంటింట్లోంచి కేకలు వేయడం, టీవీ మోగుతుంటే మాట్లాడటం, వినపడకపోతే ‘‘ఏం లేదులే’’ అని కొట్టిపారేయడం మానాలి. దగ్గరికి వచ్చి, ముఖం కనిపించేలా నిలబడి, కాస్త నిదానంగా చెబితే చాలు. అరవనక్కర్లేదు. ‘చెవిటివాని ముందు శంఖం’ సామెత ఇంట్లో హాస్యానికి వాడినా వారు నొచ్చుకుంటారు, మర్నాటి నుంచి మాట తగ్గించేస్తారు.

ఈసారి అమ్మానాన్నలకు టికెట్లు తీసేటప్పుడు క్యాలెండర్‌లో రెండు తేదీలు కూడా రాసుకోండి: వినికిడి పరీక్షకు ఒకటి, దాని తర్వాత మూడు వారాలకు సర్దుబాటుకు ఒకటి. ఆ రెండో తేదీన వారిని తీసుకెళ్లేందుకు ఎవరికి తీరికుంటుందో ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోండి. ఏ యంత్రం కొనాలన్నది ఆ తర్వాత చూసుకోవచ్చు.