సంతకం మనది, టెండరు వాళ్లది

అంగన్‌వాడీ సెంటర్ ముందు ఆటో ఆగుతుంది. రావలసిన రోజు దాటి వారమైంది. డ్రైవరు గుడ్ల ట్రేలు దించుతాడు. సగం గుడ్లు గోలీకాయలంత ఉంటాయి, కొన్ని చిట్లి కారుతుంటాయి. 'సంతకం పెట్టమ్మా, ఇంకా ఎనిమిది ఊళ్లు తిరగాలి' అంటాడు. టీచరు పెడుతుంది. పెట్టకపోతే ఆ ట్రేలు మళ్లీ ఆటో ఎక్కుతాయి. రేపు ఖాళీ గిన్నెలు పట్టుకొచ్చే గర్భిణులకు సమాధానం చెప్పాల్సింది ఆమే. ఆ సంతకమే పై ఆఫీసులో 'సరుకు సక్రమంగా అందినది' అనే ముక్కగా మారి కాంట్రాక్టరు బిల్లు పాసవుతుంది. ఎప్పుడైనా కుళ్లిన గుడ్ల ఫోటో పేపర్లో పడిందా, మెమో వచ్చేది కాంట్రాక్టరుకి కాదు, టీచరుకి. 'చూసుకోకుండా ఎందుకు తీసుకున్నావు?' అని.

ఎలా చూసుకోవాలి? గుడ్డు ఎన్ని గ్రాములుండాలో టెండరు కాగితంలో రాసి ఉంటుంది. ఆ కాగితం ఆమె ఎన్నడూ చూడలేదు. సెంటర్‌లో ఉన్న కాటా పిల్లల్ని తూయడానికి. బిడ్డ బరువు తగ్గితే రిజిస్టరులో ఎక్కుతుంది. గుడ్డు బరువు తగ్గితే ఎక్కడా ఎక్కదు.

మనం వరకట్నం గురించి మాట్లాడాం, హింస గురించి మాట్లాడాం. టెండర్లు మన విషయం కాదనుకున్నాం. అది లెక్కల వ్యవహారం, మగవాళ్లూ ఆఫీసర్లూ చూసుకుంటారులే అని వదిలేశాం. నిజానికి ప్రభుత్వ కాంట్రాక్టు అంటే ఏమిటో మనకు కొత్త కాదు. 1992-93లో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు సారా వేలంపాటల్ని అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అప్పుడు ప్రభుత్వం అమ్మేదాన్ని ఆపాం. ఇప్పుడు ప్రభుత్వం మన పేరు చెప్పి కొనేదాన్ని అడగాలి.

అంగన్‌వాడీ పోషకాహారం సరఫరాకు కాంట్రాక్టర్లను వాడకూడదని సుప్రీంకోర్టు 2004 అక్టోబరు 7న చెప్పింది. ఆహార హక్కు మీద పీయూసీఎల్ వేసిన కేసులో ఇచ్చిన ఆదేశమది. వీలైనంత వరకు ఆ డబ్బును గ్రామ సమాజాలు, స్వయం సహాయక బృందాలు, మహిళా మండళ్ల ద్వారా ఖర్చు పెట్టమంది. అమలుకు ఏం చేశారో అఫిడవిట్లు వేయండని 2006 డిసెంబరులో రాష్ట్రాల ప్రధాన కార్యదర్శుల్ని మళ్లీ అడగాల్సి వచ్చింది. అంతదాకా ఎందుకొచ్చిందో వేరే చెప్పాలా?

కాంట్రాక్టరును ముందు గుమ్మంలో వద్దంటే పెరటి గుమ్మంలోంచి వస్తాడు, ఈసారి చీర కట్టుకుని. మహారాష్ట్ర సంగతి చూడండి. అక్కడ 2016లో పిలిచిన పోషకాహారం టెండర్లు పేరుకు మహిళా సంఘాలకే. షరతులు మాత్రం ఊళ్లో పదిమంది కలిసి పెట్టుకున్న సంఘం అందుకోలేనివి. మహిళా సంఘాలే కోర్టుకెక్కాయి. చిన్న సంఘాల్ని బయటకు నెట్టేలా ఉన్న ఆ షరతుల్ని 2019 ఫిబ్రవరి 26న సుప్రీంకోర్టు కొట్టేసి, మళ్లీ టెండర్లు పిలవమంది. మూడేళ్లు. ఈ మూడేళ్లలో రెండేళ్ల బిడ్డకు అయిదేళ్లు వచ్చేస్తాయి.

అసలు ఆట షరతుల్లోనే ఉంది. ఇంత టర్నోవర్ ఉండాలి, ఇన్నేళ్ల అనుభవం ఉండాలి, ధరావతు ఇంత కట్టాలి, జిల్లా మొత్తానికి ఒక్కడే సరఫరా చేయాలి. ఈ నాలుగు వాక్యాలు రాసిన రోజే సరుకు ఎవరిదో తేలిపోతుంది. తర్వాత జరిగే ఆన్‌లైన్ తంతు ఎంత పారదర్శకమైతేనేం? కంప్యూటరు షరతుల్ని అమలు చేస్తుందే తప్ప అవి ఎవరి కోసం రాశారని అడగదు. ఇక మిగిలిన వాళ్లలో అందరికన్నా తక్కువ ధర వేసినవాడికి, ఆఫీసు భాషలో ఎల్-1కి, ఆర్డరు. తక్కువ ధర ఎక్కడి నుంచి వస్తుంది? సరుకయితే గుడ్డు సైజులోంచి, పప్పు రకంలోంచి. ఆస్పత్రి ఊడ్చే పనయితే ఊడ్చే మనిషి జీతంలోంచి, పీఎఫ్‌లోంచి. ఆ మనిషి కూడా ఎక్కువచోట్ల ఆడదే. 2017లో కేంద్రం ఒక్కో బిడ్డకు రోజుకు 8 రూపాయలు, గర్భిణికీ బాలింతకూ 9.50 అని కట్టింది. అందులోంచి కూడా లాభం పిండుకోవాలంటే ఎంత నేర్పు కావాలి!

అధికారుల జవాబు మనకు తెలుసు. 'సంఘాలకు శుభ్రత తెలియదు, టైముకివ్వలేరు, లెక్కలు రావు.' ఇందులో కొంత నిజముంది, దాచుకోనక్కర్లేదు. సంఘం పేరు పెట్టి లోపల సర్పంచి మొగుడు నడిపేవీ చూశాం. కానీ టైముకివ్వలేకపోవడానికి మొదటి కారణం టైముకు డబ్బు రాకపోవడం. బడుల్లో మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్లను అడగండి. బిల్లులు నెలల తరబడి రాకపోతే కిరాణా కొట్టులో అప్పు పెట్టి, మెడలోది కుదువ పెట్టి వండినవాళ్లు వాళ్లు. పెద్ద కాంట్రాక్టరు ఆలస్యాన్ని ధరలో ముందే కలుపుకుంటాడు. సంఘం ఆలస్యంతో మునిగిపోతుంది. దాన్ని చేతకానితనం అంటున్నారు.

చట్టం కూడా మన వెనక లేదు. ప్రభుత్వ కొనుగోళ్ల బిల్లు 2012లో లోక్‌సభకు వచ్చి 2014లో సభతో పాటే మురిగిపోయింది. తమిళనాడు 1998లోనే, కర్ణాటక 1999లో సొంత చట్టాలు చేసుకున్నాయి. కేంద్ర శాఖలు, సంస్థలు చిన్న పరిశ్రమల నుంచి కొనే వాటాలో 3 శాతం మహిళల సంస్థల నుంచి కొనాలని 2018లో ఒక నియమం వచ్చింది. మూడు శాతం! అదీ కేంద్రానికే.

మనం అడగాల్సింది పెద్దదేమీ కాదు. సరుకు దిగే చోట తూకం ఉండాలి. టీచరుకీ తల్లుల కమిటీకీ 'వద్దు' అని రాసే గడి రసీదులోనే ఉండాలి. ఆ గడి నిండితే బిల్లు ఆగాలి, టీచరుకు మెమో రాకూడదు. ఒక జిల్లా ఒక కాంట్రాక్టు పద్ధతి పోయి, మండలానికో ముక్కగా విడగొట్టాలి. సంఘం బిల్లు గడువు దాటితే వడ్డీ కట్టాలి. ఉపాధి హామీ పనుల మీద ఊళ్లో జనం ముందు రిజిస్టర్లు చదివే సామాజిక తనిఖీ మన దగ్గర 2006లోనే మొదలైంది. 2013 ఆహార భద్రతా చట్టం 28వ సెక్షన్ ఆహారం అందించే సంక్షేమ పథకాలకూ దాన్ని చెబుతోంది. గుడ్ల కాంట్రాక్టుకు ఎందుకు చేయరు?

ఈ మూడు నెలల్లో ప్రతి సంఘమూ తన ప్రాజెక్టు ఆఫీసుకు ఒక సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి. మండల స్థాయి ఆఫీసుకు ఫీజు 5 రూపాయలు, జిల్లాకు 10. తెల్లకార్డు ఉంటే అదీ అక్కర్లేదు. అడగాల్సినవి: సరఫరా ఒప్పందం నకలు, గుడ్డు బరువు ఎంతని రాశారు, ధర ఎంత, ఆలస్యానికి ఎంత జరిమానా, ఇప్పటిదాకా ఎంత వసూలు చేశారు. 30 రోజుల్లో జవాబివ్వాలి. చివరి ప్రశ్నకు వచ్చే అంకెను వచ్చే సంచికకు మాకు రాసి పంపండి.