మరుగుదొడ్డి వాసన ఎందుకు వస్తుంది?

వేసవిలో రెండు మూడు వారాలు చుట్టాల ఊరు వెళ్లి వచ్చి తలుపు తీయగానే మరుగుదొడ్డి నుండి దుర్వాసన కొట్టడం మనలో చాలామందికి అనుభవమే. బేసిను కింది వంపులో నిలిచే నీరు మన పల్నాటి ఎండకు ఆవిరైపోతుంది. ట్యాంకు గాలిని ఇంట్లోకి రాకుండా ఆపే మూత ఆ కొద్దిపాటి నీరే. రెండు చెంబుల నీళ్లు పోస్తే మళ్లీ మూత పడుతుంది.

అప్పటికీ తగ్గకపోతే ట్యాంకుపై పరచిన నాపరాళ్ల సందులను సిమెంటుతో పూడ్చాలి. గాలిగొట్టం ఇంటి కప్పుకంటె ఎత్తుగా ఉండాలి. దాని మూతికి దోమతెర కట్టాలి. వాసన పోతుందని యాసిడ్, ఫినాయిలు సీసాలకొద్దీ పోయకూడదు. మలాన్ని కరిగించే సూక్ష్మజీవులు చచ్చి, వాసన ఇంకా పెరుగుతుంది.

ఒక్క మాట మరువవద్దని మేము బతిమాలుతున్నాము. ట్యాంకు నిండితే అందులోకి మనిషిని దించకండి. లోపలి విషవాయువు నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. కాపాడబోయినవారు కూడ పడిపోతారు. రక్షణ సామగ్రి లేకుండా దించడం 2013 చట్టం ప్రకారం నేరము. పీల్చే యంత్రమున్న ట్యాంకరునే పిలిపించండి. మన ఇంటి శుభ్రతకు పొరుగువాని ప్రాణం వెల కాకూడదు.