పెట్టె ఇచ్చి చేతులు దులుపుకుంటే సరిపోతుందా?

"ఆడవాళ్లకు విడిగా పెట్టె ఇచ్చాం కదా, ఇంకేం కావాలి?" రైళ్లలో వేధింపుల మాట ఎత్తినప్పుడల్లా నాకు ఎదురయ్యే ప్రశ్న ఇది. జవాబుగా నేను జపాన్‌లో తిరిగిన ఒక లోకల్ రైలు కథ చెబుతుంటాను. దాని పేరు 205 సిరీస్.

1985లో జపాన్ జాతీయ రైల్వే ఈ కరెంటు రైలును టోక్యో నగరంలో వలయంగా తిరిగే యమనోటె మార్గంలో ప్రవేశపెట్టింది. స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టెలు కావడంతో బరువు తక్కువ, కరెంటు ఖర్చూ తక్కువ. 1987లో జాతీయ రైల్వేను విడగొట్టి కంపెనీలకు అప్పగించాక కూడా వీటి తయారీ ఆగలేదు. ఉదయం రద్దీని తట్టుకోవడానికి, పక్కకు నాలుగు తలుపులు ఉండేచోట ఆరు తలుపులున్న పెట్టెలను 1990లో తెచ్చారు. ఉదయం పది గంటల దాకా ఆ పెట్టెలో సీట్లన్నీ మడిచే ఉండేవి. అందరూ నిలబడాల్సిందే.

ఎంతమంది పడతారు, ఎన్ని సెకన్లలో ఎక్కి దిగుతారు అని లెక్కలు వేశారు. ఆ ఒత్తిడిలో ఆడవాళ్లకు ఏం జరుగుతోందన్నది మాత్రం ఆ లెక్కల్లోకి రాలేదు. దాన్ని బయటపెట్టింది స్త్రీలే. 1988లో ఒసాకా భూగర్భ రైల్లో ఇద్దరు మగవాళ్లు ఒక స్త్రీని వేధిస్తుంటే మరో యువతి అడ్డుకుంది. వాళ్లు ఆమెను వెంటాడి అత్యాచారం చేశారు. ఆ తర్వాతే అక్కడి స్త్రీలు సంఘంగా ఏర్పడి రైల్వేలను నిలదీశారు.

205 సిరీస్ రైళ్లు 1989 నుంచీ నడిచిన సైక్యో మార్గం వేధింపులకు పేరుమోసింది. అక్కడ స్త్రీల పెట్టె వచ్చింది 2001లో, అదీ రాత్రి పొద్దుపోయాక నడిచే రైళ్లలో. ఉదయం రద్దీ వేళకు రావడానికి 2005 దాకా పట్టింది. 2009లో ఒక పెట్టెలో కెమెరాలు పెట్టారు. ఆ పెట్టెలోకి మగవాడు ఎక్కితే జపాన్‌లో నేరం కాదు. అంతా మగవాళ్ల సహకారం మీదే నడుస్తుంది. మన దేశంలో 1989 నాటి రైల్వే చట్టం 162వ సెక్షను ప్రకారం అది నేరం. అయినా మన పెట్టెల్లోకి మగవాళ్లు ఎక్కడం మానారా?

పాతబడిన ఈ రైళ్లను 2013 నుంచి ఇండోనేషియా కొనుక్కుంది. జకార్తాలోనూ మొదటి పెట్టె, చివరి పెట్టె స్త్రీలకు కేటాయించారు. 2012లో మొత్తం రైలునే స్త్రీలకు ఇచ్చి చూశారు. మరుసటి ఏడాదే మానుకున్నారు. రైలు దేశం మారింది, సమస్య మారలేదు.

స్త్రీల పెట్టె వద్దని నేను అనడం లేదు. రాత్రి షిఫ్టు ముగించుకుని ఇంటికి వెళ్లే అమ్మాయికి అది ఎంత ఊరటో మనందరికీ తెలుసు. కానీ అది తాత్కాలికమైన ఆసరా. ఆ పెట్టె చూపించి మిగతా రైలంతా మగవాళ్లదే అనడం, వేరే పెట్టె ఎక్కిన స్త్రీని "అక్కడికెందుకు వెళ్లావు?" అని అడగడం అన్యాయం.

ఇండోనేషియా 2022లో లైంగిక హింసపై ప్రత్యేక చట్టం తెచ్చింది. జపాన్ 2023లో శిక్షాస్మృతిని సవరించి, సమ్మతి లేకపోవడాన్నే నేరానికి ఆధారం చేసింది. రెండుచోట్లా స్త్రీలు ఏళ్ల తరబడి పోరాడాకే ఇవి వచ్చాయి.

కాబట్టి మనం పెట్టెతో ఆగకూడదు. సరిపడా రైళ్లు, ప్లాట్‌ఫారం మీద వెలుతురు, రాత్రి వేళ మహిళా సిబ్బంది, ఫిర్యాదు చేస్తే వెంటనే తీసుకునే అధికారి కావాలని అడగాలి. టిక్కెట్టు కొన్న ప్రతి స్త్రీకీ ఏ పెట్టెలోనైనా నిర్భయంగా ప్రయాణించే హక్కు ఉంది.