చిత్రగుప్తుని కొత్త చిట్టా

ధర్మపురికి వచ్చినవారికి యమపురి లేదంటారు. మా నరసింహస్వామి ఆలయ ప్రాంగణంలోనే యమధర్మరాజుకూ గుడి ఉన్నది గనుక ఆయనతో మాకు ముఖపరిచయమే. భయమల్లా ఆయనగారి చిత్రగుప్తుడంటేనే. అది మొన్న మరికాస్త పెరిగింది.

మా మేనకోడలు అత్తవారింటినుంచి వచ్చింది. పెళ్ళయి నాలుగేళ్ళు, ఇంకా పిల్లలు లేరు. ఏదో వైద్యం సంగతి ఇంట్లోని కంప్యూటరులో రహస్యంగా చదువుకున్నదట. తెలివైన పిల్ల, బ్రౌజరులో ప్రైవేటు కిటికీ తెరిచి మరీ చదివి మూసేసింది. మూడోనాడు అత్తగారు వంటల వీడియో పెట్టుకుంటే పక్కనే సంతాన సాఫల్య కేంద్రాల ప్రకటనలు!

"అంత మూసేసిన గద మామయ్యా, వానికెట్ల తెలిసింది?" అన్నది. అత్తగారు చూసి కూడా పల్లెత్తు మాట అనలేదట. అదే ఎక్కువ బాధగా ఉన్నదట.

వాడికెట్లా తెలిసిందో నేను ప్రమాణం చేసి చెప్పలేను. ఇంటి ఇంటర్నెట్ చిరునామా చాలు, ఒక్కోసారి. ఒకటి మాత్రం నిజం: ఆ ప్రైవేటు కిటికీ ఇంట్లోవాళ్ళ కన్ను కప్పుతుంది గాని, సైటు కన్ను కాదు. కుకీ అనే చీటీని మనం చింపెయ్యవచ్చు. చీటీ లేకుండానే గుర్తుపట్టే విద్య ఇంకొకటున్నది.

గోదావరి గట్టున పురోహితుణ్ణి చూడండి. గోత్రం, ఇంటిపేరు, ఊరు అడుగుతాడు. ఒక్కొక్కటీ వందలమందికి ఉండేదే. మూడూ కలిసేసరికి, "మీ తాతగారి కర్మ మా నాయనే చేయించాడు" అంటాడు! సైటు అడగనైనా అడగదు. తెర కొలత, గడియారం, భాష, ఫాంట్లు తానే చూసుకుంటుంది. కంటికి కనబడని బొమ్మ ఒకటి గీయించి, మీ యంత్రం గీసే తీరునుబట్టి కూడా ఆనవాలు పడుతుంది. అదే బ్రౌజరు వేలిముద్ర.

2010లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్‌కు చెందిన పీటర్ ఎకర్‌స్లే 4,70,161 బ్రౌజర్లను పరీక్షిస్తే, 83.6 శాతం దేనికదే వేరుగా తేలాయి. బ్రౌజరులో తెలుగు పెట్టుకున్నవాళ్ళం ఇంకా తేలిగ్గా దొరుకుతాం సుమండీ! ప్రపంచపు గుంపులో మనం కొద్దిమందిమే గదా. అయినా నేను తియ్యను. రక్షణకని ఎక్కడెక్కడి హంగులో తగిలించుకున్నా అదీ ఒక ఆనవాలే అవుతుంది.

గుంపులో కలిసిపోవడమే ఉపాయం. టార్ బ్రౌజరు తనను వాడే వారినందరినీ వీలైనంత ఒకే తీరుగా కనిపింపజేస్తుంది. కాని నత్తనడక. ఫైర్‌ఫాక్స్ తనకు తెలిసిన వేలిముద్రల దొంగలను అడ్డుతుంది. పూర్తిగా కాదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మండుగురు న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా తీర్పిచ్చారు. ఆ మాట చెబితే మా పిల్ల, "అయితే ఆ ప్రకటన ఆగుతదా?" అన్నది. నా దగ్గర జవాబు లేదు.

ఆమె ఫోనులో ఫైర్‌ఫాక్స్ పెట్టి, ఇంటి వైఫై కాకుండా సొంత డేటామీద చదువుకోమన్నాను. జగిత్యాల బస్సెక్కుతూ, "అత్తమ్మకు నేనే చెప్తే ఎట్లుంటది మామయ్యా?" అనడిగింది. డ్రైవరు హారను కొట్టాడు.