రోగశయ్యపై కర్తృత్వం



మంచం దిగలేని స్థితిలో ఉన్నవారి కొరకు మృత్యుంజయ జపమో, ఆయుష్యహోమమో తలపెట్టినప్పుడు, సంకల్పంలో రుగ్ణుని పేరు షష్ఠీ విభక్తిలో వినిపిస్తుంది. ఫలాన గోత్రోద్భవుని, ఫలాన నామధేయుని ఆరోగ్యసిద్ధి కొరకు అని పలుకుతాము. ‘కరిష్యే’ అనే క్రియకు కర్తగా కూర్చునేది తండ్రి, భర్త, కుమారుడు, లేదా వారి పక్షాన అర్చకులమైన మేము. వ్యాధి సంవత్సరాల తరబడి కొనసాగితే ఇంటిలోనూ ఇదే వ్యాకరణం స్థిరపడుతుంది. ఆమెకు తినిపించారు, ఆమెను స్నానం చేయించారు, ఆమెను ఆసుపత్రికి తీసుకొనిపోయారు. ప్రేమతో చేసిన పనులే ఇవన్నీ. అయినప్పటికీ ఆ రోగి జీవితంలో ప్రథమా విభక్తితో ఆరంభమయ్యే వాక్యం క్రమంగా అదృశ్యమవుతుంది.

పాణిని మహర్షి కారకాలను నిర్వచిస్తూ క్రియలో స్వతంత్రుడైనవాడే కర్త అని నిర్ణయించాడు. దీర్ఘవ్యాధి దేహబలం కంటె ముందుగా హరించేది ఈ స్వాతంత్ర్యాన్నే. బాధకు ఔషధం ఉంది, జ్వరానికి ఔషధం ఉంది, ఈ లోపానికి వైద్యశాలలో ఔషధం లేదు. రచన ఈ లోపాన్ని పూరించగలదని, కనుక దీర్ఘరోగి చేసే రచనను కాలక్షేపంగా గాని, జాలిపడవలసిన విషయంగా గాని చూడరాదని నా దృఢాభిప్రాయం.

ఈ ప్రసంగం వచ్చినప్పుడల్లా ప్రవచనాలలో మేల్పత్తూర్ నారాయణ భట్టతిరి వృత్తాంతం వింటాము. 16వ శతాబ్దికి చెందిన ఆ కేరళ పండితుడు వాతరోగపీడితుడై గురువాయూరు చేరి, దినానికొక దశకం వంతున నూరు దశకాల నారాయణీయాన్ని స్వామి సన్నిధిలో నివేదించాడని, నూరవ దినాన వ్యాధివిముక్తుడయ్యాడని సంప్రదాయం చెబుతుంది. ఆయురారోగ్యసౌఖ్యాలను కోరుతూ ముగిసే ఆ కావ్యపు చివరి పదం, కటపయాది పద్ధతిలో లెక్కిస్తే 1712210 అనే కలిదిన సంఖ్యను ఇస్తుంది. ప్రార్థనా, రచన ముగిసిన తేదీ ఒకే పదంలో ఒదిగాయి. ప్రక్రియాసర్వస్వమనే పాణినీయ వ్యాకరణ గ్రంథాన్ని రచించినవాడు కూడా ఆయనే. కర్త అంటే ఎవరో ఆయనకు వేరుగా చెప్పవలసిన అవసరం లేదు.

వృత్తాంతం పవిత్రమైనదే. మనం చెప్పే తీరులో మాత్రం ఒక దోషం ఉన్నది. వ్రాశాడు, అందువల్ల స్వస్థుడయ్యాడు అని ముగించి మంగళహారతి ఇస్తాము. అప్పుడు వ్రాసినా స్వస్థులు కానివారి మాట ఏమిటి? వారి భక్తి న్యూనమా? వారి రచన నిష్ఫలమా? ఈ ప్రశ్నకు సమాధానం కొరకు కేరళ వరకు వెళ్ళనక్కర లేదు. మన సిరిసిల్లలోనే ఒకరు, మన జగిత్యాలలోనే మరొకరు జీవించి చూపారు.

సిరిసిల్ల రాజేశ్వరి నేతకార్మిక కుటుంబంలో జన్మించింది. పుట్టుకతోనే దేహం వశంలో లేదు. చేతులు పనిచేయవు, మాట స్పష్టంగా వెలువడదు. ఆమె కాలివేళ్ళ మధ్య కలం పట్టి అక్షరాలు దిద్దింది, వందలాది కవితలు వ్రాసింది. సినీగీత రచయిత సుద్దాల అశోక్‌తేజ ఆ కవితలను గుర్తించి పుస్తకరూపంలో వెలుగులోకి తెచ్చాడు. మహారాష్ట్రలోని తెలుగు విద్యార్థుల పాఠ్యపుస్తకంలో ఆమె జీవితం పాఠమైనది. 2022 డిసెంబరులో ఆమె పరమపదించింది. చేతులకు చలనం రాలేదు, కంఠానికి స్పష్టత రాలేదు. నారాయణీయ వృత్తాంతాన్ని కొలిచే కొలబద్దతో కొలిస్తే ఆమె తపస్సుకు ఫలసిద్ధి లేదనవలసి వస్తుంది. ఆ కొలబద్దనే నేను అంగీకరించను.

వేదపాఠశాలలో పెరిగిన మా బోటివారికి ఇక్కడ రెండు సంకోచాలు కలుగుతాయి. మొదటిది, మాది శ్రుతి సంప్రదాయం. శిక్షాగ్రంథాలు పుస్తకం చూచి చదివేవానిని అధమ పాఠకులలో లెక్కించాయి. స్థానం, కరణం, ప్రయత్నం శుద్ధంగా ఉంటేనే మంత్రోచ్చారణ. ఈ నియమం వేదరక్షణకు అవశ్యమైనదే. అయితే నాలుక తిరగనివారికి ఆ మార్గంలో ద్వారం మూసుకొనిపోయిందని కూడా ఒప్పుకొనక తప్పదు. ఆ ద్వారం వెలుపల నిలిచినవారికి లేఖనమే వాక్కు.

రెండవ సంకోచం పాదానికి సంబంధించినది. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకొనే ఆచారం మనది. అక్షరం సరస్వతీ స్వరూపం గదా, దానిని కాలితో వ్రాయడం తగునా అని అడిగిన పెద్దలున్నారు. ఆచారానికి మూలం అవమానభావాన్ని నివారించడం. కాలుతో తన్నడం వేరు, కాలినే చేయిగా మలచుకొని అర్చించడం వేరు. వాక్కు, పాణి, పాదం అనేవి కర్మేంద్రియాలని, ఇవన్నీ ఉపకరణాలే గాని వాటిని నడిపేవాడు వేరని మన శాస్త్రాలు ఘోషిస్తున్నాయి. పరమాత్మ గ్రహణానికి హస్తం అనివార్యం కాదని శ్వేతాశ్వతరోపనిషత్తు ప్రతిపాదిస్తుంది. రాజేశ్వరి ఒకే పాదానికి పాణి ధర్మాన్నీ, వాక్కు ధర్మాన్నీ అప్పగించింది. గుంటమగ్గంలో కూర్చున్న నేతకారుడు కాళ్ళతో తొక్కుతూ, చేతులతో నాడె ఆడిస్తూ నేసిన వస్త్రాన్నే గదా మనం స్వామికి ధరింపజేస్తున్నాము! ఆ వస్త్రంలో పాదం శ్రమ ఉన్నదని ఏ అర్చకుడూ దానిని తిరస్కరించలేదు.

ఇక జగిత్యాలకు చెందిన అలిశెట్టి ప్రభాకర్. 1954లో జన్మించిన ఆయన ఛాయాచిత్రకారుడు, చిత్రకారుడు, కవి. ఎర్రపావురాలు, మంటల జెండాలు, చురకలు, రక్తరేఖ, సంక్షోభగీతం ఆయన కవితా సంపుటాలు. హైదరాబాదులో క్షయవ్యాధితో కృశిస్తున్న కాలంలోనూ ‘సిటీ లైఫ్’ పేరిట చిన్న చిన్న కవితలను పత్రికకు వ్రాస్తూనే వచ్చాడు. 1993 జనవరి 12న, తన జన్మదినం నాడే దేహత్యాగం చేశాడు. ఆయన మార్గం మన మార్గం కాదు. దేవాలయానికి వచ్చి అర్చన చేయించిన కవి కాడు, ఆయన పద్యాలలో ఆగ్రహం ఉన్నది, ప్రార్థన లేదు. అయినను ఒక సత్యాన్ని ఆస్తికులమైన మనం అంగీకరించాలి. రాజయక్ష్మ శరీరాన్ని దహిస్తున్నప్పటికీ ఆయన వాక్యంలో ఆయనే కర్త. ఆ కవితలు చదివేవారు ఒక రోగిని చూడరు, ఒక కవిని చూస్తారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. వ్యాధియే కవిత్వాన్ని ఇచ్చిందని, బాధ ఉంటేనే ప్రతిభ ప్రకాశిస్తుందని కొందరు అందంగా మాట్లాడుతారు. ఇది అవివేకం. ప్రభాకర్ మరణించిన నాటికే క్షయను నయం చేసే ఔషధాలు లోకంలో ఉన్నాయి. ముప్పైతొమ్మిదేళ్ళకే ఒక కవిని కోల్పోవడంలో వైభవమేమీ లేదు. వ్యాధి ప్రతిభను ఇవ్వదు, ఉన్న ప్రతిభకు అడ్డుపడుతుంది. అడ్డుపడినా ఆగనిది ఏదో, దానిని మాత్రమే మనం నమస్కరించాలి. ఔషధాన్ని మాని కలాన్ని పట్టమని, మందులు విడిచి మండలదీక్ష చేయమని చెప్పే హక్కు ఎవరికీ లేదు, అర్చకునికి అసలే లేదు.

చరక సంహిత సూత్రస్థానం చికిత్సకు నాలుగు పాదాలు చెప్పింది: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. గమనించగలరు, రోగి చికిత్సకు విషయం మాత్రమే కాక చికిత్సలో ఒక పాదం. ఆ రోగికి ఉండవలసిన నాలుగు గుణాలలో స్మృతి, వైద్యుని నిర్దేశాన్ని పాటించడం, నిర్భయత్వం తరువాత నాలుగవది జ్ఞాపకత్వం. తెలుగులో జ్ఞాపకమంటే గుర్తుంచుకోవడం, ఇక్కడ దాని అర్థం తన వ్యాధిని తెలియజెప్పగలగడం. ఎక్కడ నొప్పి, ఎప్పుడు ఎక్కువ, ఏది తిన్న తరువాత, ఏ ఆలోచన వచ్చిన తరువాత, ఇవి రోగికి తప్ప అన్యులకు తెలియవు. దినానికి నాలుగు వాక్యాలు వ్రాసుకొనే రోగి ఈ గుణాన్ని అభ్యసిస్తున్నాడు. ఆ వ్రాత వైద్యునికీ ఉపయోగం. అదే వ్రాత నొప్పిని దాటి, కిటికీ బయటి వేపచెట్టును గురించి, చిన్ననాటి జాతరను గురించి సాగినప్పుడు రచన అవుతుంది.

ఇప్పుడు సాధకులు వేసే ప్రశ్న. కర్తృత్వాభిమానాన్ని విడువమని గదా గీత బోధిస్తుంది, వ్యాధి దానిని దానంతట అదే తొలగిస్తున్నప్పుడు మళ్ళీ కలం ఇచ్చి అహంకారాన్ని ఎందుకు పోషించాలి, నామస్మరణ చాలదా అని. గంభీరమైన ప్రశ్న. ఉన్నదానిని ఇచ్చేది త్యాగం. లాక్కొనబడినదానిని త్యాగమనడం తగదు. స్వాతంత్ర్యం కోల్పోయి నిస్సహాయంగా పడి ఉన్నవానిని వైరాగ్యసంపన్నుడని పొగడడం, దోపిడీకి గురైనవానిని దాత అని పొగడడం వంటిది. గీత పద్ధెనిమిదవ అధ్యాయం కర్మసిద్ధికి ఐదు హేతువులు చెప్పింది: అధిష్ఠానమైన దేహం, కర్త, కరణాలు, వివిధ చేష్టలు, దైవం. వ్యాధి దెబ్బతీసేది దేహాన్ని, కరణాలను. తానొక్కడే సమస్తానికీ కర్తనని భావించేవాడు అజ్ఞాని అని గీత చెప్పిన మాట సత్యమే. ఆ మాటను దీర్ఘరోగికి ఎవరూ ప్రత్యేకంగా బోధించనక్కర లేదు. చేయి కదలని ప్రతి ఉదయమూ దానిని ఆయనకు బోధిస్తూనే ఉన్నది. ఆయనకు కావలసిన బోధ, ఐదింటిలో తన భాగం ఇంకా మిగిలి ఉన్నదని.

నామస్మరణ విషయానికి వస్తే, మన జగిత్యాల జిల్లాలోని ధర్మపురి శేషప్ప కవినే చూడండి. అంత్యకాలంలో త్రిదోషాలు ప్రకోపించి నోటికి నామం వస్తుందో రాదో అనే భయాన్ని ఆయన నరసింహ శతకంలో స్వామి ఎదుట దాచక పెట్టాడు. నామాన్ని జపించి ఊరకుండలేదు. తన భయాన్ని తన మాటలలో, తన ఊరి స్వామిని పేరుపెట్టి పిలుస్తూ చెప్పుకొన్నాడు. ఒకని దేహభయం తరతరాల తెలుగువారి ప్రార్థన అయినది. సొంతమాట భక్తికి విఘ్నమైతే ఆ శతకమే పుట్టేది కాదు.

అందువల్ల నాదొక మనవి. మన ప్రాంతంలో వృద్ధులు, రుగ్ణులు రామకోటి వ్రాసి భద్రాచలానికి సమర్పించడం ఉన్నది. మహత్తరమైన సాధన, దానిని మానవద్దు. నాటి నామలేఖనం పూర్తయిన పిదప వేరొక పుస్తకంలో నాలుగు పంక్తులు మీ మాటగా వ్రాయండి. ఛందస్సు అవసరం లేదు, గ్రాంథికం అవసరం లేదు. కోరుట్లలో దినమంతా బీడీలు చుట్టి నడుము పట్టివేసిన తల్లి అయినా, సిరిసిల్లలో మరమగ్గాల ధ్వని మధ్య ఊపిరితిత్తులు అలసిన కార్మికుడైనా, తన ఇంటి భాషలో వ్రాసిన నాలుగు పంక్తులు స్వామికి అందుతాయి. అక్షరజ్ఞానం లేనివారు చెప్పవచ్చు, చేతులు కదలనివారు చెప్పవచ్చు, ఇంటిలోని పిల్లలు వ్రాయాలి. వ్యాసభగవానుడు చెప్పగా గణపతి వ్రాసిన కథ మనకు ఉన్నది గదా. లేఖకుడు కావడం విఘ్నేశ్వరునికే చిన్నతనం కాలేదు, మన పిల్లలకు ఎలా అవుతుంది? ఒకే నియమం. చెప్పినది చెప్పినట్లు వ్రాయాలి, సరిదిద్దరాదు, మధ్యలో ఓదార్చరాదు.

పరిచారకులకు మరొక మాట. ఆ పుస్తకాన్ని అడగకుండా తెరువవద్దు. చదవమని ఇచ్చినప్పుడు కన్నీరు పెట్టి పక్కన పెట్టవద్దు. ‘ఈ స్థితిలో కూడా వ్రాశావా’ అనే ప్రశంస రోగిని మళ్ళీ షష్ఠీ విభక్తిలోకి నెట్టివేస్తుంది. వాక్యం బాగుంటే బాగున్నదనండి, అర్థం కాకపోతే అర్థం కాలేదనండి, తరువాత ఏమైనదని అడగండి. రచయితకు చేయదగిన గౌరవం అదే.

నావంటి అర్చకులు కూడా ఒక చిన్న మార్పు చేయవచ్చు. రుగ్ణుని పక్షాన సంకల్పం చెప్పే ముందు, వీలైతే ఆయన వద్దకు వెళ్ళి, స్వామికి మీరేమి చెప్పదలచారు అని అడిగి, ఆ మాటను ఒక కాగితంపై వ్రాయించి తెచ్చి మంత్రపుష్పంతో పాటు పాదాల వద్ద ఉంచవచ్చు. శాస్త్రానికి ఇందులో విరోధం కనబడదు. ఆ కాగితంలో మొదటి పదం ‘నేను’ అయి ఉంటే, ఆ ‘నేను’ను అహంకారమని ఎవరూ తొందరపడి తీర్పు చెప్పవద్దు.

స్వస్తి.