గోదాము తాళం ఎవరి చేతిలో ఉంది?

నెల్లూరు తీరంలో డబ్బు ఏడాదిలో ఎక్కువ నెలలు సరుకు రూపంలోనే ఉంటుంది. కోతలయ్యాక పుట్ల లెక్కన కొన్న ధాన్యం బియ్యమై అమ్ముడయ్యేదాకా మిల్లు గోదాములో ఉంటుంది. ఇందుకూరుపేట, ముత్తుకూరు, కోట వైపు చెరువుల్లో పట్టిన రొయ్య కౌంటు (కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్క) ప్రకారం వేరై, మైనస్ 18 డిగ్రీల చలిగదిలో ఎగుమతి ఆర్డరు కోసం ఎదురుచూస్తుంది. మేత బస్తాలు డీలరు కొట్టులోంచి అరువు మీద చెరువు గట్టుకు చేరి, పట్టుబడి అయ్యేదాకా బాకీగా నిలుస్తాయి. సరుకు కదలనన్నాళ్లూ దాని వెనక ఎవరిదో ఒకరి డబ్బు ఇరుక్కుని ఉండాల్సిందే. బ్యాంకు గోదాముకు తన తాళం వేసుకుని అప్పిచ్చే పద్ధతి మిల్లర్లకు పాతదే, దాన్ని కీ లోను అంటారు. కొత్తదల్లా ఏమిటంటే, ఆ అప్పులిచ్చే పని ఇప్పుడు ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలు, మొబైల్ యాప్‌లు కూడా చేస్తున్నాయి. అందుకు కావలసిన సొమ్ములో కొంత బాండ్లు, అన్‌లిస్టెడ్ షేర్లు, ‘డీల్స్’ పేరుతో చిన్న మదుపరుల దగ్గర సమీకరిస్తున్నాయి. వాళ్లకు చూపించే ఆకర్షణ ఎప్పుడూ ఒకటే: కంపెనీ ఇచ్చిన అప్పులు ఏడాదిలో రెట్టింపయ్యాయి, వచ్చే ఏడాది మళ్లీ రెట్టింపవుతాయి అని. ఆ ఒక్క అంకెను నమ్మి పొదుపు సొమ్ము పెట్టడం పొరపాటని, ధాన్యం మీదా రొయ్య మీదా బతికే ఈ తీరంలోని మనిషికి అది మరీ పెద్ద పొరపాటని నా అభిప్రాయం.

అంగడిలో అమ్మకాలు పెరిగాయంటే డబ్బు లోపలికి వస్తోందని అర్థం. అప్పులిచ్చే కంపెనీలో వ్యాపారం పెరిగిందంటే డబ్బు బయటికి పోయిందని అర్థం, అది తిరిగి వచ్చిందీ లేనిదీ తర్వాత తేలుతుంది. అప్పివ్వడానికి సిద్ధపడితే పుచ్చుకునేవాళ్లకు కరువుండదు కాబట్టి ఈ పెరుగుదల సాధించడం కష్టమూ కాదు. పైగా పెరుగుదల పాత నష్టాన్ని కప్పేస్తుంది. ఒక కంపెనీ 100 కోట్లు అప్పిచ్చి, అందులో 3 కోట్లు మొండి బాకీ అయిందనుకుందాం. మరుసటి ఏడాది ఇంకో 100 కోట్లు ఇచ్చింది, మొండి బాకీ 4 కోట్లకు పెరిగింది. కాని లెక్కల్లో అది 3 శాతం నుంచి 2 శాతానికి తగ్గినట్టు కనపడుతుంది. కొత్త అప్పుల గడువు ఇంకా తీరలేదు, వాటిలో చెడ్డవేవో ఎవరికీ తెలియదు. పరుగు ఆగిన ఏడాదే అసలు సంగతి బయటపడుతుంది. ఇక్కడ షేర్ కొన్నవాడి స్థానం వరసలో అందరికంటే చివర. కంపెనీ సొంత సొమ్ము 20 కోట్లు, తెచ్చిన అప్పు 80 కోట్లు అయి, మొత్తం 100 కోట్లనూ సరుకు మీద ఇచ్చి ఉంటే, అందులో పదో వంతు పోతే చాలు వాటాదారుల సొమ్ము సగం తుడిచిపెట్టుకుపోతుంది. మిగిలిన సగాన్ని కూడా మార్కెట్ నమ్మదు.

ఇక సరుకు సంగతి. సరుకు మీద అప్పు భద్రమనే మాటకు బలం సరుకు ఉండడంలోనే ఉంది. నేషనల్ స్పాట్ ఎక్స్ఛేంజ్ అనే సరుకుల మార్కెట్ కథ ఆ బలం ఎంతటిదో 2013లో చూపించింది. ఆ ఎక్స్ఛేంజ్‌లో ఒకే సరుకును రెండో రోజు డెలివరీకి కొని, అదే క్షణంలో ఇరవై అయిదో రోజు డెలివరీకి అమ్మే జంట కాంట్రాక్టులు నడిచేవి. కాగితం మీద అది సరుకు కొనుగోలు, అసలుకు అది గోదాములో ఉన్నదని చెప్పిన ధాన్యం మీద, ఆముదాల మీద, ఉక్కు మీద ఇచ్చిన స్వల్పకాలిక అప్పు. బ్యాంకు వడ్డీ కంటే బాగా ఎక్కువ రాబడి వస్తుందని, సరుకే హామీ అని బ్రోకర్లు చెప్పారు. 2013 జూలై 31న వ్యాపారం ఆగిపోయింది. సుమారు 13 వేల మంది మదుపరులకు సుమారు 5,600 కోట్ల రూపాయలు రావాల్సి ఉండగా, అప్పు పుచ్చుకున్న పార్టీలు 24 మాత్రమే. గోదాములు తెరిచి చూస్తే చాలాచోట్ల చెప్పిన సరుకు లేదు. ఆ రోజు దాకా ఆ ఎక్స్ఛేంజ్ టర్నోవర్ బ్రహ్మాండంగా పెరుగుతూనే ఉంది, ఆ పెరుగుదలనే అందరూ ఆరోగ్యం అనుకున్నారు.

ఇంకా దగ్గరి ఉదాహరణ హైదరాబాద్‌లో ఉంది. ఫాల్కన్ ఇన్వాయిస్ డిస్కౌంటింగ్ పేరుతో నడిచిన వ్యవహారంలో సరుకు బదులు సరుకు అమ్మిన బిల్లును హామీగా చూపారు. పేరుమోసిన కంపెనీలకు సరుకు సరఫరా చేసినవాళ్లకు రావలసిన బిల్లుల మీద నెలల గడువుతో డబ్బు పెట్టండి, ఏడాదికి 11 నుంచి 22 శాతం దాకా వస్తుందన్నారు. 2025 ఫిబ్రవరిలో సైబరాబాద్ పోలీసులు నమోదు చేసిన కేసు ప్రకారం, సుమారు 7 వేల మంది నుంచి సుమారు 1,700 కోట్లు వసూలు చేశారు, దాదాపు 850 కోట్లు తిరిగి చెల్లించలేదు. ఆ బిల్లులు, డీల్స్ బూటకమని పోలీసుల ఆరోపణ. ఇది మన దగ్గరి జబ్బు మాత్రమే కాదు. 1963లో అమెరికాలోని న్యూజెర్సీలో అలైడ్ క్రూడ్ వెజిటబుల్ ఆయిల్ అనే కంపెనీ నూనె ట్యాంకుల మీద కోట్ల డాలర్లు అప్పు తెచ్చింది. ట్యాంకుల్లో కింద ఉన్నది నీళ్లు, పైన తేలింది నూనె. రసీదులిచ్చిన గోదాము సంస్థ అమెరికన్ ఎక్స్‌ప్రెస్ అనుబంధ సంస్థ, పేరు చూసి నమ్మనివాడు ఎవడు? ఆ దేశంలోనే 2025 సెప్టెంబరులో దివాలా కోర్టుకు వెళ్లిన ఫస్ట్ బ్రాండ్స్ అనే వాహన విడిభాగాల సంస్థ విషయంలోనూ, ఒకే బిల్లు మీద ఒకటికి మించి అప్పులు తెచ్చారా అన్నదే ప్రధాన ప్రశ్న అయింది. అరవై ఏళ్ల తేడా, చదువుకున్న బ్యాంకర్లు, ఆడిటర్లు ఉన్న దేశం, అయినా బోల్తాపడ్డది అదే గుంటలో.

ఇవన్నీ మోసాల కథలు, నిజాయితీగా నడిచే కంపెనీలను వీటితో ఒకే గాట కట్టేయడం న్యాయమా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే మోసాన్ని పూర్తిగా పక్కన పెట్టి చూద్దాం. సరుకు ఉంది, రసీదు నిజం, తాళం సరైనవాడి చేతిలోనే ఉంది. కోటి రూపాయల విలువైన రొయ్య మీద 75 లక్షలు అప్పిచ్చారు. ధర 30 శాతం పడిపోయింది, ఇప్పుడు సరుకు విలువ 70 లక్షలు. ఇది ఊహ కోసం వేసిన లెక్క అనిపిస్తే 2025 ఆగస్టును గుర్తు చేసుకోవాలి. ఆ నెల 27 నుంచి భారతీయ సరుకుల్లో చాలావాటి మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది, రొయ్య మీద అంతకుముందే ఉన్న యాంటీ డంపింగ్ సుంకాలు దీనికి అదనం. అప్పటికి మన రొయ్యకు అతి పెద్ద మార్కెట్ అమెరికాయే. ఒక దేశాధ్యక్షుడి సంతకంతో చలిగదిలోని సరుకు విలువ రాత్రికి రాత్రి మారిపోయింది. అలాంటప్పుడు తాకట్టు సరుకు అమ్మి అప్పు రాబట్టుకుందామంటే, అప్పిచ్చిన ప్రతి ఒక్కరూ అదే వారం అదే సరుకును మార్కెట్‌కు తెస్తారు. కరెంటు బిల్లు కట్టలేని చలిగదిలో సరుకు ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఇక్కడే నెల్లూరు తీరానికి ప్రత్యేకమైన చిక్కు ఉంది, ఈ వ్యాసంలో నాకు ముఖ్యమైన మాటా ఇదే. పెన్న ఆయకట్టులో వరి పండించేవాడు, కండలేరు ఉప్పుటేరు వెంట చెరువులు చేసేవాడు, మేత డీలరు, ఐస్ ఫ్యాక్టరీ గుమాస్తా, ప్లాంటులో రొయ్య తల తీసే మహిళ, లారీ యజమాని, వీళ్లందరి సంపాదన ఇప్పటికే ధాన్యం ధరతోనూ కౌంటు ధరతోనూ ముడిపడి ఉంది. అదే ధాన్యం, అదే రొయ్య మీద అప్పులిచ్చే కంపెనీలో పొదుపు కూడా పెడితే, ధర పడిన ఏడాది రాబడీ పోతుంది, దాచుకున్నదీ పోతుంది, రెండూ ఒకే నెలలో పోతాయి. మన వ్యాపారం మనకు తెలుసు కదా, తెలిసిన రంగంలోనే పెడుతున్నాం అనే ధీమా వల్లే ఈ తప్పు జరుగుతుంది. సరుకు గురించి తెలిసినంత మాత్రాన దాని ముంపు నుంచి తప్పించుకోలేం. 1990ల మొదట్లో టైగర్ రొయ్య ఊపులో ఆక్వా కంపెనీలు వరసగా పబ్లిక్ ఇష్యూలకు వచ్చాయి. 1994 నుంచి తెల్లమచ్చ వ్యాధి చెరువుల్ని తుడిచిపెట్టింది, 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు జగన్నాథన్ కేసులో తీర నియంత్రణ పరిధిలోని రొయ్యల చెరువుల్ని తొలగించమని తీర్పునిచ్చింది. చెరువు ఎండినవాడి ఇంట్లోనే ఆ షేర్ సర్టిఫికెట్ కూడా ఉంటే, ఒకే దెబ్బ రెండుసార్లు తగిలినట్టే. వెనామీ రకం రొయ్య రాకతో పరిశ్రమ మళ్లీ లేచింది, కాని అప్పుడు డబ్బు పోగొట్టుకున్నవాళ్లే మళ్లీ లేచారని చెప్పలేం.

మరో అభ్యంతరం ఇంతకంటే బలమైనది. తాకట్టు మీద అప్పులిచ్చే కంపెనీ షేర్లతో సామాన్యులు బాగుపడలేదా, ముత్తూట్ ఫైనాన్స్ 2011లో 175 రూపాయలకు ఇచ్చిన షేర్ వేల రూపాయలకు చేరలేదా, చిన్నవాళ్లను జాగ్రత్త పేరుతో దూరం పెట్టి లాభాన్ని పెద్దవాళ్లకే వదిలేయాలా అంటారు. ముత్తూట్ మాట నిజం. కాని ఆ తాకట్టు బంగారం. బంగారం కుళ్లదు, దానికి కరెంటు అక్కర్లేదు, ధర ప్రతి పొద్దూ పేపర్‌లో ఉంటుంది, గుప్పెట్లో పట్టేంత వస్తువు కంపెనీ సొంత లాకర్‌లో సొంత తాళం కింద ఉంటుంది. అంతటి తాకట్టు ఉండి కూడా, 2012లో రిజర్వు బ్యాంకు బంగారం విలువలో 60 శాతానికి మించి అప్పివ్వకూడదని పరిమితి పెట్టాక, ఆ షేర్ ఇష్యూ ధర కంటే బాగా కిందికి దిగింది. మూడో మనిషి గోదాములో, నాలుగో మనిషి తూకం మీద, అయిదో మనిషి ఇచ్చిన రసీదు నమ్మి నడిచే వ్యాపారానికి ఆ విజయాన్ని చూపించడం సరైన పోలిక కాదు.

అప్పు దొరక్కపోతే రైతు కల్లంలోనే అయినకాడికి అమ్ముకోవాలి కదా అనేది మూడో మాట. నెల్లూరులో 850 కిలోల పుట్టికి కోతల రోజుల్లో దక్కే ధరకూ, కొన్ని నెలలాగితే వచ్చే ధరకూ తేడా ఎంతుంటుందో రైతుకు తెలుసు. సరుకు మీద అప్పు ఉండాలి, ఇంకా పెరగాలి, ఈ విషయంలో నాకు సందేహం లేదు. 2007 గోదాముల చట్టం, 2017లో మొదలైన ఎలక్ట్రానిక్ గోదాము రసీదు, ఆ రసీదుల మీద ఇచ్చే అప్పులకు 2024 డిసెంబరులో కేంద్రం ప్రకటించిన 1,000 కోట్ల హామీ నిధి, ఇవన్నీ ఆ దారిలో వేసిన మంచి అడుగులు. ఎలక్ట్రానిక్ రసీదు వల్ల ఒకే సరుకును ఇద్దరి దగ్గర తాకట్టు పెట్టడం కష్టమవుతుంది. కాని రైతుకు అప్పు అవసరమనే సత్యం నుంచి, ఆ అప్పు తాలూకు నష్టభయాన్ని కావలి టీచరమ్మో కోవూరు చిల్లర వర్తకుడో మోయాలనే తీర్పు రాదు. గోదాము తనిఖీ చేయించగల శక్తి, వంద జిల్లాల్లో నష్టాన్ని పంచుకోగల వెడల్పు బ్యాంకులకు ఉన్నాయి. వాటికి డిపాజిటర్లు ఇచ్చే సొమ్ముకు 5 లక్షల దాకా బీమా ఉంది, ఫైనాన్స్ కంపెనీల డిపాజిట్లకు ఆ బీమా లేదు, షేర్లకూ బాండ్లకూ అసలే లేదు. మరోవైపు చిన్న మదుపరికి తలుపులు వెడల్పవుతూనే ఉన్నాయి. ప్రైవేటుగా అమ్మే బాండ్ల ముఖవిలువ 2022 దాకా 10 లక్షలు, 2023లో లక్ష, 2024లో 10 వేలకు దిగింది. అనుమతి లేని వేదికల్లో అన్‌లిస్టెడ్ షేర్లు కొనొద్దని 2024 డిసెంబరులో సెబీ హెచ్చరించాల్సి వచ్చింది.

అయినా పెట్టాలనుకునేవాళ్లు కంపెనీని అడగాల్సింది వచ్చే ఏడాది ఎంత పెరుగుతారని కాదు. గోదాము తాళం అప్పు తీసుకున్నవాడి చేతిలో ఉందా, వేరే సంస్థ చేతిలో ఉందా? ఆ సంస్థకు జీతం ఎవరిస్తున్నారు? ఇచ్చిన అప్పుల్లో గడువు తీరినవెన్ని, వాటిలో డబ్బు రూపంలో వసూలైనవెన్ని, కొత్త అప్పు రాసి పాతదాన్ని మూసినవెన్ని? పది మంది పెద్ద బాకీదారుల వాటా ఎంత? స్పాట్ ఎక్స్ఛేంజ్‌లో 5,600 కోట్లు 24 చేతుల్లో ఉన్నాయన్న ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే ఎందరో ఆగేవాళ్లు. ఈ వివరాలను గోదాము వారీగా, మూడు నెలలకోసారి, తెలుగులో కూడా ప్రకటించాలనే నిబంధనను రిజర్వు బ్యాంకు, సెబీ తేవాలి. చిన్న మదుపరి దగ్గర 10 వేలు తీసుకోవడానికి అనుమతి ఇచ్చినప్పుడు, ఆ 10 వేలు ఏ ఊరి ఏ గోదాములో ఏ సరుకుగా మారాయో అతనికి చెప్పించే బాధ్యత కూడా వాళ్లదే.